ట్రక్కును లెవెల్ చేయడమంటే స్పేసర్ పెట్టి తాళాలు ఇచ్చేయడం కాదు

మా బావమరిది ఈ సాయంత్రమే తన ఫోర్డ్ ఎఫ్-350 ట్రక్కును షాపు నుండి తెచ్చుకున్నాడు. ఖాళీ బండి ముందూ వెనుకా సమంగా కనిపించేలా (దీన్నే లెవెల్ చేయడం అంటారు) ముందుభాగాన్ని రెండున్నర అంగుళాలు ఎత్తించి, 35 అంగుళాల టైర్లు వేయించాడు. అలైన్‌మెంట్ కాగితం, అంటే చక్రాల కోణాల కొలతలు రాసిన కాగితం, ఏదని అడిగితే, "టో సరిచేశారట బావా, ఇంకేమీ అక్కర్లేదన్నారు" అన్నాడు. టో అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం. వేల డాలర్లు తీసుకుని, అంత బరువైన బండి రోడ్డు మీద నిలకడగా పోవడానికి ఆధారమైన కొలతలు కూడా చూడకుండా పంపించిన ఆ షాపువాళ్ల మీద నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. ఆ బండిని నేనే హైవే మీదికి తీసుకెళ్లి చూశాను. డెబ్బై మైళ్ల వేగానికి వచ్చేసరికి స్టీరింగ్ మధ్యలో నిలవడం లేదు, ఒకసారి అటూ ఒకసారి ఇటూ జారుతున్నది, మలుపు దాటాక చేయి సడలిస్తే చక్రం తనంతట తాను వెనక్కి రావడం లేదు. అతను వారాంతంలో ఇదే బండికి గూస్‌నెక్ ట్రైలర్ (ట్రక్కు వెనుక తొట్టిలో తగిలించే పెద్ద ట్రైలర్) తగిలించి, ట్రాక్టరు ఎక్కించుకుని పొలానికి వెళ్తాడు. ఇక్కడ టెక్సాస్‌లో అలా వెళ్లే తెలుగువాళ్లు నాకు తెలిసి ఇంకా కొందరున్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఖాళీగా ఉన్నప్పుడు ఈ ట్రక్కుల వెనుకభాగం ఎత్తుగా కనిపించేది కంపెనీవాళ్లకు సరిగ్గా బిగించడం చేతకాక కాదు. ట్రైలర్ బరువు వెనుక యాక్సిల్ మీద పడగానే ఆ ఎత్తు దిగి బండి సమంగా నిలవాలని అలా తయారుచేస్తారు. ఖాళీ బండిని సమం చేసి పెడితే, బరువు ఎక్కించిన రోజున తోక దిగి మూతి పైకి లేస్తుంది. వెనుకకంటే ముందుభాగం నాలుగు అంగుళాలో అంతకు మించో ఎత్తుగా ఉండేలా మార్చిన బండ్లను నార్త్ కరోలినా 2021 డిసెంబరు 1 నుండి రోడ్ల మీద నిషేధించింది. మనవాళ్లు అలా కావాలని చేయించుకోరు, కానీ బరువు కట్టినప్పుడు బండి అదే వాలులోకి పోతుందని చెప్పవలసిన బాధ్యత డబ్బు తీసుకున్నవాడిది కాదా?

ఇక ఆ "ఇంకేమీ అక్కర్లేదు" అన్న మాట సంగతి. ఈ ట్రక్కుకు ముందు సాలిడ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలను కలిపే ఒకే గట్టి ఇరుసు ఉంటుంది, దాన్ని రేడియస్ ఆర్మ్‌లనే రెండు పొడవాటి చేతులు ఫ్రేముకు పట్టుకుని ఉంటాయి. స్ప్రింగు మీద స్పేసర్ అనే దిమ్మ పెట్టి ఫ్రేమును పైకి లేపగానే ఆ ఆర్మ్‌లు కిందికి వాలి, యాక్సిల్ కొంచెం తిరిగి, కాస్టర్, అంటే ముందు చక్రం మలిగే అక్షం వెనక్కి వాలి ఉండే కోణం, తగ్గిపోతుంది. చక్రాన్ని నేరుగా పట్టి ఉంచేది, మలుపు తర్వాత వెనక్కి తెచ్చేది ఆ కాస్టరే. యాక్సిల్‌ను పక్కకు జరగకుండా ఫ్రేముకు పట్టి ఉంచే ట్రాక్ బార్ పొడవు మారదు గనుక యాక్సిల్ కూడా ఒక పక్కకు జరుగుతుంది. ఆ కోణం తిరిగి రావడానికి కాస్టర్ బుషింగులు మార్చాలి లేదా రేడియస్ ఆర్మ్‌లను కిందికి దించే డ్రాప్ బ్రాకెట్లు వేయాలి, సర్దుకోగల ట్రాక్ బార్ పెట్టాలి, ఆ తర్వాత అలైన్‌మెంట్ చేసి ముందు కొలతలు, తర్వాత కొలతలు ఉన్న కాగితం చేతికివ్వాలి. టో ఒక్కటే సరిచేస్తే టైర్లు అరిగిపోకుండా ఉంటాయేమో గానీ బండి దారిలో నిలవదు. షెవర్లే, జీఎంసీ హెవీ డ్యూటీ బండ్లకు ముందు సాలిడ్ యాక్సిల్ ఉండదు, అక్కడ స్ప్రింగుల్లా పనిచేసే టార్షన్ బార్లను బిగించి ఎత్తుతారు, దాంతో చక్రాలను తిప్పే సీవీ యాక్సిళ్ల కోణమూ చక్రాల దగ్గరి కీళ్లయిన బాల్ జాయింట్ల కోణమూ మారతాయి. అక్కడా ఇదే నిర్లక్ష్యం చూస్తున్నాను.

నన్ను అన్నిటికంటే ఎక్కువ మండించింది టైర్లు. బండితో వచ్చిన 275/65ఆర్20 టైరు పక్కన 126 అని లోడ్ ఇండెక్స్ ఉన్నది, అంటే ఒక్కొక్కటి సుమారు 3,750 పౌండ్లు మోస్తుంది. కొత్తగా వేసిన 35x12.50ఆర్20 టైరు దగ్గర వంగి టార్చి వేసి చూస్తే 121 అని ఉన్నది, అంటే 3,195 పౌండ్లే. రెండింటి మీదా లోడ్ రేంజ్ (టైరు ఎంత గట్టిదో చెప్పే తరగతి) 'ఈ' (E) అనే అక్షరమే ఉన్నది గనుక రెండూ సమానమే అనుకుంటారు. వెనుక యాక్సిల్‌కు ఆ కొత్త టైర్లు రెండూ కలిపి 6,390 పౌండ్లు మోయగలవు, ఆ యాక్సిల్ సామర్థ్యం 7,000 పౌండ్లకు పైనే అని డ్రైవరు తలుపు దగ్గర లేబుల్ చెబుతున్నది. పెద్ద టైరు కొన్నాడు, మోసే శక్తి తగ్గింది. ఇదే సైజులో లోడ్ రేంజ్ 'ఎఫ్' (F) టైర్లు దొరుకుతాయి, వాటి ఇండెక్స్ 125, అంటే సుమారు 3,640 పౌండ్లు. నువ్వు ఏం లాగుతావు, ఎంత లాగుతావు అని కౌంటరు దగ్గర ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అవే వేసేవారు. రిమ్ముల రంగు గురించి మాత్రం చాలా ప్రశ్నలు అడిగారట.

హెడ్‌లైట్ల విషయంలో నా కోపం ఈ రోజుది కాదు. రాత్రి హైవే మీద నా చిన్న కారు వెనుక ఇలా మూతి లేపిన ట్రక్కు వచ్చినప్పుడల్లా అద్దాలన్నీ తెల్లబడిపోయి, పక్క లేను కనిపించక బ్రేకు మీద కాలు పెట్టుకుని నడిపాను. 160 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం) ఉన్న బండిని ముందు రెండున్నర అంగుళాలు ఎత్తితే, వంద అడుగుల దూరానికి ఆ వెలుగు దాదాపు 19 అంగుళాలు పైకి పోతుంది, అంటే నేరుగా ఎదుటివాళ్ల కళ్లలోకే. లైటు వెనుక ఉన్న మరను తిప్పితే సరిపోయే పని అది, అయినా చేయరు. టెక్సాస్‌లో సొంత వాహనాలకు ఏటేటా ఉండే సేఫ్టీ తనిఖీని 2025 జనవరి 1 నుండి తీసివేశారు గనుక, షాపువాడు వదిలేసిన తప్పును ఆ తర్వాత పట్టుకునేవాళ్లు కూడా లేరు.

ఎత్తు పెంచడం తప్పని నేను అనడం లేదు. ఫోర్డ్ కంపెనీయే 2020 నుండి ఎఫ్-350 కూడా చేరిన సూపర్ డ్యూటీ ట్రక్కుల్లో ట్రెమర్ ప్యాకేజీ పేరుతో 35 అంగుళాల టైర్లు వేసి, ముందుభాగాన్ని ఎత్తి అమ్ముతున్నది. కానీ వాళ్లు ఆ ఎత్తుకు తగ్గట్టు స్ప్రింగులు, షాకులు, కొలతలు అన్నీ మార్చి, తగ్గిన మోత సామర్థ్యాన్ని తలుపు లేబుల్ మీద అచ్చువేసి ఇస్తారు. మా బావమరిది రేపు ఆ షాపుకు వెళ్తున్నాడు, నేనూ వెంట వెళ్తున్నాను. కాస్టర్ సరిచేసి, కొలతల కాగితం ఇచ్చి, లైట్లు దించి, టైర్లు మార్చి ఇచ్చేదాకా ఆ బండికి ట్రైలర్ తగిలించవద్దని అతనికి గట్టిగా చెప్పాను.