సవరణ: 1962 ఏడాది కాదు, మోడల్ నంబరు

మొన్న 'బ్లూస్ బ్రేకర్స్ విత్ ఎరిక్ క్లాప్టన్' ఆల్బమ్ రీమాస్టర్ విన్న ఊపులో, పాత పోస్టులో గిటారిస్టు క్లాప్టన్ వాడిన ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) "1962లో తయారైన మార్షల్" అని రాసేశాను. అది తప్పు, సరిచూసుకోకుండా రాశాను. 1962 అనేది ఆంప్‌లు తయారుచేసే మార్షల్ కంపెనీ కేటలాగులోని మోడల్ నంబరు. 12 అంగుళాల స్పీకర్లు రెండున్న ఆ కాంబో (ఆంప్, స్పీకర్లు ఒకే పెట్టెలో ఉండేది) వచ్చిందే 60ల మధ్యలో. ఆల్బమ్ విడుదల 1966 జులైలో. ఒక మిత్రుడు ఎత్తిచూపాక పాత కేటలాగు వివరాలు, గిటార్ పత్రికల వ్యాసాలు చూశాను. అన్నిట్లోనూ ఇదే ఉంది. పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను.

ఇంకొకటి. ఈ రీమాస్టర్ "కొత్తగా వినిపిస్తోంది" అంటే పాటలు మళ్ళీ రికార్డు చేశారని కొందరు అనుకున్నారు. లేదండీ, లండన్ డెక్కా స్టూడియోలో అప్పుడు వాయించిందే, ఆ టేపులకే మెరుగు పెట్టారు. సౌండు తగ్గించమన్నా క్లాప్టన్ వినలేదట. లెస్ పాల్ గిటార్‌ని ఆ ఆంప్‌కి తగిలించి గట్టిగా పెట్టే వాయించాడు. ఆ ఆల్బమ్‌లోని 'హైడవే'లో గిటార్ స్వరం కాస్త గరగరలాడుతూ సాగేది అందుకే. ఆల్బమ్ కవర్ మీద మాత్రం ఏమీ ఎరగనట్టు 'బీనో' అనే పిల్లల కామిక్ చదువుకుంటూ కూర్చున్నాడు!