నిద్ర పట్టడం లేదా? మంచం మీద గడిపే గంటలు తగ్గించండి

45 దాటినవాళ్లు నలుగురు కలిస్తే బీపీ, షుగర్ తర్వాత వచ్చే కబురు నిద్రే. ‘పడుకోగానే పడుతుంది గానీ మూడింటికల్లా మెలకువ వచ్చేస్తుంది, ఇక కన్ను మూతపడదు’ అంటారు. విన్నవాళ్ల సలహా కూడా ఎప్పుడూ ఒకటే: పెందలాడే పడుకో, టెన్షన్లు పెట్టుకోకు. టెన్షన్ మన చేతుల్లో ఉంటే ఈ గొడవే లేదు. పెందలాడే పడుకోమనడం మాత్రం నిజంగా హాని చేసే సలహా.

రాత్రి మధ్యలో మెలకువ రావడం దానంతట అది జబ్బు కాదు. నిద్ర సుమారు గంటన్నర చొప్పున విడతలుగా సాగుతుంది. గాఢనిద్ర చాలావరకు మొదటి విడతల్లోనే అయిపోతుంది. తర్వాతదంతా పలచటి నిద్ర, కలల నిద్ర. వయసుతో గాఢనిద్ర వాటా ఇంకా తగ్గుతుంది. పాతికేళ్లప్పుడూ మెలకువలు వచ్చేవి, తెల్లారేసరికి గుర్తుండేవి కావు. ఇప్పుడు ఆ సందులోకి ఇంటి లోను, అబ్బాయి ఇంజినీరింగ్ ఫీజు, ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మ మోకాళ్ల నొప్పులు దూరిపోతాయి. చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. 3:10. ఇప్పుడు పడితే ఇంకో రెండున్నర గంటలు దొరుకుతుందని లెక్క. 3:40కి మళ్లీ చూస్తే అది రెండు గంటలకు దిగుతుంది, గుండె దడ పెరుగుతుంది.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ స్పీల్‌మన్ 1980ల్లో చెప్పిన విషయం ఇక్కడ పనికొస్తుంది. నిద్రను మొదట చెడగొట్టిన కారణం వేరు, ఆ తర్వాత నెలల తరబడి చెడగొడుతూ ఉండేవి వేరు. ఉద్యోగం పోతుందన్న భయమో, ఇంట్లో ఒకరి ఆపరేషనో మొదటి దెబ్బ వేస్తుంది. అది తీరిపోతుంది. పోయిన నిద్రను పూడ్చుకోవాలని మొదలుపెట్టిన అలవాట్లు మిగిలిపోతాయి: తొమ్మిదింటికే మంచమెక్కడం, ఆదివారం ఎనిమిది దాకా లేవకపోవడం, మధ్యాహ్నం రెండు గంటల కునుకు, ఆ మగత వదలడానికి సాయంత్రం ఆరింటికి స్ట్రాంగ్ కాఫీ. ఆ కెఫీన్‌లో దాదాపు సగం పదకొండింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది.

అలాగని అంతా అలవాట్ల మీదికి నెట్టడమూ అన్యాయమే, ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో. మన దేశంలో నెలసరి ఆగిపోయే సగటు వయసు 46-47. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే హార్మోన్లు అటూ ఇటూ అవుతాయి. నడిరాత్రి ఒక్కసారిగా ఒంట్లోంచి ఆవిరి, మెడ వెనక చెమట, నైటీ తడిసిపోవడం, దుప్పటి తన్నేసి ఫ్యాన్ అయిదులో పెట్టడం, పది నిమిషాలకే చలి. ఈలోపు పక్కనున్నాయన ఫ్యాన్ తగ్గించమని గొణుగుతాడు. దీన్ని ‘ఊరికే ఆలోచిస్తావు’ అని కొట్టిపారేసే ఇళ్లే ఎక్కువ. గైనకాలజిస్టు దగ్గర దీనికి చికిత్స ఉంది. గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవారికి స్లీప్ ఆప్నియా పరీక్ష కావాలి. మూత్రానికి పదేపదే లేచేవారు షుగర్, మగవాళ్లయితే ప్రోస్టేట్ కూడా చూపించుకోవాలి. తెల్లవారుజాము మెలకువతో పాటు దేని మీదా ఆసక్తి లేకుండా పోతే అది డిప్రెషన్ కావచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు.

ఇవేవీ లేకుండా వారానికి 3 రాత్రులైనా, 3 నెలల పాటు ఇదే వరసైతే దీర్ఘకాలిక నిద్రలేమి కింద లెక్క. దానికి మాత్రల కంటే ముందు సీబీటీ-ఐ అనే ప్రవర్తనా చికిత్స ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే సిఫారసు చేసింది. అందులో అసలైన భాగం వింటే తలకిందులు వ్యవహారంలా ఉంటుంది. పదింటి నుంచి ఆరున్నర దాకా మంచం మీదుండి అయిదున్నర గంటలే నిద్రపోతున్నారనుకోండి. రాత్రి పన్నెండు దాకా పడుకోనివ్వరు, అయిదున్నరకు లేవాల్సిందే, ఆదివారమైనా సరే. నిద్ర రాక దొర్లుతుంటే లేచి హాల్లో కూర్చోవాలి, గడియారం జోలికి పోకూడదు. మంచం మీదున్న సమయంలో 85 శాతానికి పైగా నిద్రే అయితే అప్పుడు వారానికో పావుగంట కలుపుతారు. నిద్ర సుఖమెరగదంటారు కదా, అలా ఎరగనంత నిద్ర ముంచుకొచ్చేలా చేయడమే ఇక్కడి కిటుకు. మొదటి రెండు వారాలు నరకమే. పగలు తూగొస్తుంది కాబట్టి డ్రైవింగ్ చేసేవారు, మూర్ఛ, బైపోలార్ ఉన్నవారు డాక్టర్‌ను అడక్కుండా మొదలుపెట్టకూడదు.

మన దగ్గర దీనికంటే తేలిగ్గా దొరికేది అల్ప్రాజోలం అనే మత్తు మాత్ర. 2014 నుంచి ఇది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలి. రోగి పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌లో రాసి షాపువాళ్లు మూడేళ్లు దాచాలి. ఏడాది కిందటి చీటీ చూపిస్తే కత్తెరతో స్ట్రిప్ కత్తిరించి చేతిలో పెట్టే షాపు లేని ఊరేది? ఈ మందు ఎలా పట్టేసుకుంటుందో తెలంగాణకు కొత్తగా చెప్పక్కర్లేదు. కల్తీ కల్లులో కలిపేవాటిలో ఇదొకటి. 2015లో దాడులు జరిగి ఆ కల్లు ఆగినప్పుడు నిద్ర లేక, చేతులు వణికి, వింతగా ప్రవర్తిస్తూ జనం ఆసుపత్రుల పాలయ్యారు. నెలల తరబడి మాత్ర వేసుకుని ఒక్కసారిగా ఆపినా అంతే, ఫిట్స్ కూడా రావచ్చు. ఆ రెండు రాత్రులు చూసి ‘మాత్ర లేకపోతే నాకు నిద్రే లేదు’ అని మళ్లీ షాపుకెళతారు. వాడుతున్నవారు డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాల్సిందే.

పెద్ద నగరాలు దాటితే సీబీటీ-ఐ చేసేవాళ్లు దొరకడం కష్టం. అయినా తొలి అడుగుకు స్పెషలిస్టే ఉండాలనేం లేదు. 30 ఏళ్లు దాటినవారికి ఏఎన్ఎంలు ఎలాగూ బీపీ, షుగర్ పరీక్షలు చేస్తున్నారు. గురక ఉందా, వారంలో ఎన్ని రాత్రులు నిద్ర చెడుతోంది, నిద్రమాత్ర ఎన్నాళ్లుగా వాడుతున్నారు అనే మూడు ప్రశ్నలు అక్కడే అడగొచ్చు. రెండు వారాల నిద్ర డైరీ కాగితం ఒకటి చేతికిచ్చి, తర్వాత దాన్ని పీహెచ్‌సీ డాక్టర్ చూసేలా చేస్తే చాలామందికి మాత్ర మొదలయ్యే అవసరమే రాదు.