సెన్సారే తప్పు చెబితే?
సెన్సార్ రీడింగ్ ఒకసారి బ్లాక్‌చెయిన్‌లోకి (చాలామంది దగ్గర ఒకే నకలు ఉండే ఉమ్మడి డిజిటల్ చిట్టాలోకి) ఎక్కితే ఎవరూ మార్చలేరు కాబట్టి పరిశ్రమల డేటాను కళ్లు మూసుకుని నమ్మొచ్చని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు, మొదటి సగం నిజమే, నా పేచీ అంతా రెండో సగంతోనే. ఎక్కాక మార్చలేరు సరే, ఎక్కకముందు సంగతేంటి? నేను రొయ్యల ఎగుమతి వైపు కోల్డ్ స్టోరేజీల్లో పనిచేస్తాను. సరుకు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. ఒకచోట ప్రోబ్‌ను (ఉష్ణోగ్రత కొలిచే సెన్సార్ మొనను) తెచ్చి సరిగ్గా చల్లగాలి కొట్టే ఫ్యాన్ ముందు బిగించారు, స్క్రీన్ మీద ఎప్పుడు చూసినా మైనస్ 20, తలుపు పక్కన అట్టపెట్టెలు మాత్రం చెమర్చి మెత్తబడిపోయేవి. ఆ అంకెను బ్లాక్‌చెయిన్‌లో పెడితే అబద్ధానికి రాజముద్ర వేసినట్టే. ముందు ప్రోబ్ ఎక్కడుంది, క్యాలిబ్రేషన్ (సరైన కొలతతో పోల్చి సరిచూడటం) ఎప్పుడు చేశారు, గేట్‌వే (సెన్సార్ల డేటాను నెట్‌లోకి పంపే పరికరం) పాస్‌వర్డ్ ఇంకా డబ్బాతో పాటు వచ్చిందేనా (చాలాచోట్ల అదే!) అవి చూడాలి. ఒకే యాజమాన్యం కింద ఉన్న ప్లాంట్‌కైతే మామూలు డేటాబేస్, పరికరానికో డిజిటల్ సంతకం (డేటా ఆ పరికరం నుంచే వచ్చిందని చూపే గుర్తు), బయట ఒక బ్యాకప్ చాలు. ఎగుమతిదారు, షిప్పింగ్ లైన్, బీమా కంపెనీ ఒకరినొకరు నమ్మని చోట, కంటైనర్ ఎవరి చేతిలో ఉండగా కరెంటు పోయిందో తేల్చడానికి బ్లాక్‌చెయిన్ పనికొస్తుంది, కాదనను. కానీ అక్కడ అందరూ కలిసి రావాలి కదా. షిప్పింగ్ కంపెనీ మెర్స్క్, టెక్ కంపెనీ ఐబీఎం కలిసి 2018లో తెచ్చిన ట్రేడ్‌లెన్స్ (సరుకు రవాణా వివరాలు పంచుకునే బ్లాక్‌చెయిన్ వేదిక) లాంటి పెద్ద ప్రాజెక్టునే, పరిశ్రమ మొత్తం చేతులు కలపలేదని చెప్పి 2022 నవంబరులో ఆపేస్తున్నట్టు ప్రకటించారు, ప్లాట్‌ఫామ్ పనిచేయక కాదు. వ్యాసంలో దాని ఊసే లేదు.