మాతీస్ అమ్ముకోని సెజాన్ బొమ్మ

ఒక చిత్రకారుడి పనిలో మరొకరి ప్రభావం కనిపించగానే అది కాపీ అని తేల్చేసే అలవాటు మనలో బాగా పాతుకుపోయింది. ఈ మధ్య ఒక ప్రదర్శనలో, ఒక యువ చిత్రకారిణి వేసిన పళ్ల బొమ్మ ముందు నిలబడి, "సెజాన్‌ను దించేసింది" అని ఒక పెద్దమనిషి అందరికీ వినపడేలా అన్నప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ దగ్గర తీసుకున్నవారిని తప్పుపట్టాలంటే ఇరవయ్యో శతాబ్దపు చిత్రకళలో సగాన్ని తప్పుపట్టాలి.

1899లో, చేతిలో డబ్బు ఆడని రోజుల్లో, ఫ్రెంచి చిత్రకారుడు ఆన్రీ మాతీస్, వొలార్ అనే చిత్రాల వ్యాపారి దగ్గర సెజాన్ వేసిన చిన్న చిత్రం కొన్నాడు. ముగ్గురు స్త్రీలు చెట్ల కింద స్నానం చేస్తున్న బొమ్మ అది. ఎంత ఇబ్బంది వచ్చినా అమ్మలేదు. 37 ఏళ్ల తర్వాత, 1936లో, దాన్ని పారిస్‌లోని పెతీ పలే మ్యూజియానికి ఇచ్చేస్తూ, తన కష్టకాలంలో నమ్మకాన్నీ పట్టుదలనూ ఇచ్చింది ఆ బొమ్మేనని రాశాడు. అయినా మాతీస్ బొమ్మను చూసి సెజాన్ బొమ్మ అనుకునేవారు ఎవరూ ఉండరు.

అసలు సెజాన్ దగ్గర అంతగా ఏముందో తెలియాలంటే చికాగోలో ఉన్న ఆయన ఆపిల్ పళ్ల బుట్ట చిత్రాన్ని నిదానంగా చూడాలి. బల్ల మీద నలిగిన తెల్లగుడ్డ ఉంది. దానికి ఎడమవైపున్న బల్ల అంచు, కుడివైపున్న అంచు ఒకే వరుసలో కలవవు. సీసా పక్కకు ఒరిగి ఉంటుంది. ఇది చేతకానితనం కాదు. కదలకుండా ఒకే చోట నుంచి చూసినట్టు గీయాలనే, శతాబ్దాలుగా వస్తున్న నియమాన్ని వదిలి, చూపు కదిలినకొద్దీ వస్తువు ఎలా మారుతుందో ఆయన ఒకే బొమ్మలో కూర్చాడు.

ఫ్రెంచి చిత్రకారుడు బ్రాక్ 1908లో, సెజాన్ చిత్రించిన దక్షిణ ఫ్రాన్స్‌లోని లెస్తాక్ అనే ఊరికే వెళ్లి అక్కడి ఇళ్లు వేస్తే, విమర్శకుడు వోసెల్ వాటిని ఘనాలు (క్యూబులు) అన్నాడు. వస్తువులను రేఖాగణిత ఆకారాలుగా విడగొట్టి చూపే చిత్రకళా ధోరణికి క్యూబిజం అనే పేరు అలా మొదలైంది. శిల్పి హెన్రీ మూర్ 1960లో సెజాన్ వేసిన మరో స్నానాల చిత్రం కొని, 1978లో అందులోని ముగ్గురినీ చుట్టూ తిరిగి చూడగలిగే శిల్పంగా మలిచాడు.

ఆ అమ్మాయి వేసినవి ఆపిల్ పళ్లు కావు, స్టీలు పళ్లెంలో బత్తాయిలు. పళ్లెం అంచు మీద పడిన వెలుగు ఒక్కో చోట ఒక్కో రంగులో ఉంది. ఆ పెద్దమనిషి అంతదాకా చూడనే లేదు.