దుబాయి నాలుగు గంటలే అని చెప్పేవాళ్లకు

హైదరాబాద్ నుంచి దుబాయి ఎంత దూరం అని వెతికితే గాలిలో సుమారు 2,550 కిలోమీటర్లు, ప్రయాణం దాదాపు నాలుగు గంటలు అని వస్తుంది. లెక్క నిజమే. కానీ అది శంషాబాద్‌లో ఉండేవాళ్ల లెక్క. జగిత్యాల, సిరిసిల్ల, వరంగల్ పల్లెల నుంచి పోయే మనిషికి అదొక్కటే చెప్పి టికెట్ చేతిలో పెట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

జగిత్యాల నుంచి శంషాబాద్‌కు 200 కిలోమీటర్లకు పైనే. బస్సు సికింద్రాబాద్‌లోని జేబీఎస్ బస్టాండ్‌లో దించుతుంది. అక్కడ పెట్టెలు దించుకుని ఎయిర్‌పోర్ట్‌కు పోయే పుష్పక్ బస్సు ఎక్కాలి, లేదంటే అప్పో సొప్పో చేసి ఊరి నుంచే కారు మాట్లాడుకోవాలి. ఫ్లైట్‌కు మూడు గంటల ముందే రమ్మంటారు. విమానంలో కూర్చునే సమయం కన్నా విమానం దాకా చేరే సమయమే ఎక్కువ.

టికెట్ మీది టైములు ఇంకో తలనొప్పి. దుబాయి గడియారం మనకన్నా గంటన్నర వెనక. ఇక్కడ ఉదయం 10 గంటలకు బయలుదేరితే అక్కడ 12:30కు దిగినట్టు ఉంటుంది. అంటే రెండున్నర గంటలే అనుకుంటారు. వచ్చేటప్పుడు రాత్రి 10కి ఎక్కితే ఇక్కడ 3 గంటలకు దిగినట్టు ఉంటుంది, ఐదు గంటలు అనిపిస్తుంది. నిజానికి వచ్చేదే తక్కువ సమయం. చలికాలంలో పైన గాలి పడమటి నుంచి బలంగా వీస్తుంది కాబట్టి పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. ఈ గడియారాల తేడా ఎవరూ చెప్పక ఇంట్లో అమ్మలు, భార్యలు ఫోన్ కలవలేదని ఎంత టెన్షన్ పడతారో మా వాడకట్టులో ఎన్నోసార్లు చూశాను.

ఇక చవక అని మధ్యలో దిగి మారే టికెట్ అంటగట్టే ఏజెంట్లు. మా చుట్టాలబ్బాయికి అట్లాగే ఇచ్చారు. మొదటిసారి విమానం ఎక్కిన పిల్లవాడు, భాష రాని ఎయిర్‌పోర్ట్‌లో రాత్రంతా కుర్చీలో కూర్చున్నాడు. మధ్యలో ఆగాలని ముందే చెప్పి ఉంటే ఇంకో రెండు వేలు మేమే వేసేవాళ్లం.

వరంగల్ దగ్గరి మామునూరు సంగతి కూడా అనాలి. నిజాం కాలంలో 1930లో కట్టిన విమానాశ్రయం, 1981 దాకా నడిచింది. ఆ తర్వాత శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపల ఇంకోటి రావద్దన్న ఒప్పందం అడ్డు పడింది. 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. సంతోషమే. అయితే అక్కడి నుంచి మొదటి రోజే గల్ఫ్‌కు విమానం లేవదు. అప్పటిదాకా కరీంనగర్, జగిత్యాల, వరంగల్ నుంచి రాత్రి ఫ్లైట్లకు అందేలా నేరుగా శంషాబాద్ పోయే బస్సులు ఎక్కువ వేయాలి.

టికెట్ తీసిచ్చే అన్నలూ, ఇంటి నుంచి ఎన్నింటికి కదలాలి, గాలిలో ఎన్ని గంటలు, దిగేసరికి మన ఊళ్లో ఎంతవుతుంది, ఈ మూడూ తెలుగులో టికెట్ వెనక రాసివ్వండి. ఇంట్లో ఉన్నవాళ్లకు కూడా ఒక కాపీ ఇవ్వండి.