చెక్ పెడితే ఆట కట్టినట్టేనా?

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలోని ఒక కార్యాలయం వరండాలో, పొలం కొలతల అర్జీ పట్టుకుని నిలబడిన పెద్దాయన ఒకరు ఆమధ్య నాతో అన్నారు: “ఈయనేమో ఆయన్ని చూపిస్తా ఉండాడు, ఆయనేమో ఈయన్ని చూపిస్తా ఉండాడు. ఇద్దరూ కలిసి నన్ను ఫుట్‌బాల్ ఆడుకుంటా ఉండారయ్యా.” ఆయన ఫుట్‌బాల్ మైదానం ఎన్నడైనా చూశారో లేదో గానీ, తాను బంతినయ్యానన్న సంగతి మాత్రం ఆయనకు బాగా తెలుసు.

ఒత్తిడినీ తిరస్కారాన్నీ చెప్పడానికి మనం ఆటల నుంచి దెబ్బను మాత్రమే తెచ్చుకున్నామని, దెబ్బ తిన్నవాడికి ఆట ఇచ్చే వెసులుబాటును మైదానంలోనే వదిలేశామని నా అభియోగం.

ముందుగా ‘చెక్’ సంగతి. ప్రత్యర్థికి చెక్, ఇసుక దందాకు చెక్, చివరికి పొట్ట కొవ్వుకూ చెక్ అని శీర్షికలు పెడుతున్నాం. అంతటితో కథ ముగిసిందన్నదే అక్కడి భావం. చదరంగంలో చెక్ ఒక హెచ్చరిక మాత్రమే. రాజును పక్క గడిలోకి జరపవచ్చు, మధ్యలో మరో పావును అడ్డుపెట్టవచ్చు, మీదికొచ్చిన పావునే చంపవచ్చు. ఈ మూడు దారులూ మూసుకుపోయినప్పుడే పారశీకులు ‘షా మాత్’ అన్నారు, మనం ‘ఆటకట్టు’ అన్నాం. దొంగల ఆట కట్టించారని ఇప్పటికీ రాసే భాషకు ఈ రెంటి మధ్య తేడా తెలియక కాదు. చెక్ రెండక్షరాల్లో ఇమిడిపోతుంది, అంతే. టికెట్ దక్కని నాయకుడికి చెక్ పడిందని చదివిన మర్నాడే ఆయన వేరే కండువాతో కనిపిస్తే పాఠకుడు విస్తుపోతాడు గానీ, చదరంగం ఆడేవాడికి అందులో వింతేమీ ఉండదు, రాజు పక్క గడిలోకి జరిగాడు.

‘చెడుగుడు ఆడుకున్నారు’ అన్న మాటైతే పూర్తిగా తలకిందులైంది. సమీక్షలో పై అధికారి కింది ఉద్యోగిని చెడుగుడు ఆడుకున్నాడంటే బలవంతుడు బలహీనుణ్ణి నలిపేశాడని అర్థం చేసుకుంటాం. బరిలో చూస్తే కూతకు వెళ్లినవాడే ఒంటరి. ఎదుట ఏడుగురి దాకా ఉంటారు, అతడి చేతిలో ఉన్నది ముప్పై సెకన్లు. పట్టుబడి అవుటైనా, తన జట్టు అవతలివాణ్ణి అవుట్ చేస్తే మళ్లీ లోపలికి వస్తాడు. చీవాట్లు తిన్న ఉద్యోగికి అలాంటి పునఃప్రవేశం ఎక్కడిది?

క్రికెట్ మాటల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ‘క్లీన్ బౌల్డ్’ను ఎలాగూ ప్రేమలో పడినవాళ్లకు ఇచ్చేశాం. బౌన్సర్‌ను మాత్రం ప్రస్తావించాలి. టెస్టుల్లో ఓవరుకు రెండు దాటి వేస్తే అంపైర్ నోబాల్ అంటాడు. ఇంటర్వ్యూ గదిలో బౌన్సర్లు ఎదుర్కొన్నామని చెప్పుకొనే పిల్లలకు అలా చెయ్యి చాచి ఆపే మనిషి కనిపించడు.

‘కాడి పారేశాడు’ అన్నది నిజానికి సేద్యపు మాట, ఆట మాట కాదు. అయినా ప్రకాశం జిల్లాలో బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు అది మరోలా వినిపిస్తుంది. అక్కడ రెండు పళ్ల ఎడ్లకు, ఆరు పళ్ల ఎడ్లకు వేర్వేరు విభాగాలుంటాయి, అంటే వయసును బట్టే బరువు. గడువు ముగియగానే కాడి దించి, ఎడ్లను పక్కకు తోలుకుపోతారు. టేపు పట్టినవాళ్లు బండ ఎన్ని అడుగులు జరిగిందో కొలుస్తుంటారు.