స్పేర్ పార్ట్స్ ఒక లెక్కా అంటే, అవును, అదే అసలు లెక్క

"హెలికాప్టర్లే కొనగలిగిన దేశానికి స్పేర్ పార్ట్స్ ఒక లెక్కా?" ఇందాక ఒకాయన అన్నమాట ఇది. కెనడా రెస్క్యూ హెలికాప్టర్ల గురించి మాట్లాడుతుంటే మధ్యలో దూరి, అనేసి వెళ్లిపోయాడు. ఒళ్లు మండిపోయింది. ఆయన వినకపోయినా చెప్తా.

కెనడా వైమానిక దళం ఈ పని కోసమే 15 కార్మొరెంట్లు కొంది. మూడు ఇంజన్లు, తుఫానులోనూ సముద్రం మీద నిలబడి మనుషుల్ని పైకి లాగగల మెషీన్. 2004 వచ్చేసరికి తోక రోటర్ హబ్‌లో, అంటే తోక దగ్గర తిరిగే రెక్కల్ని పట్టి ఉంచే నడిమి భాగంలో, పగుళ్లు కనిపించాయి. అక్కణ్ణుంచి మాటిమాటికీ చెక్ చేయడం, ఎగరడం తగ్గించుకోవడం. దానికి తోడు పార్ట్స్ కొరత. చివరికి 2005లో ఒంటారియోలోని ట్రెంటన్ బేస్ నుంచి కార్మొరెంట్లను తీసేసి, వాటి చోట గ్రిఫిన్లను పెట్టారు. గ్రిఫిన్ చాలా చిన్నది, అంత దూరం వెళ్లలేదు, అంతమందిని ఎక్కించుకోలేదు. చలినీళ్లలో కొట్టుకుంటున్నవాడికి ఆ తేడా ప్రాణమంత!

పార్ట్ లేకపోతే ఏం చేస్తారో తెలుసా? పక్కన నిలబెట్టిన హెలికాప్టర్‌లోంచి విప్పి దీనికి బిగిస్తారు. ఒక్క పార్ట్‌కి రెండుసార్లు పని. విప్పేటప్పుడు మంచి సీల్ కూడా పాడవుతుంది. ఇక హాయిస్ట్ తీగ, అంటే మనుషుల్ని పైకి లాగే తీగ సంగతి. టెక్నీషియన్ గ్లవ్స్ వేసుకుని దాన్ని పొడుగునా తడిమి చూస్తాడు. ఒక్క పోగు తెగి గ్లవ్‌కి తగులుకుందా, ఇక ఆ తీగకి మనిషిని వేలాడదీయరు, మార్చాల్సిందే. కొత్త తీగ స్టోర్‌లో లేకపోతే కోట్ల డాలర్ల మెషీన్ షెడ్డులో ఉండాల్సిందే. లెక్క కాదట!

2011లో ఏం చేశారో చూడండి. అమెరికా తన అధ్యక్షుడి కోసం మొదలుపెట్టి 2009లో రద్దు చేసుకున్న వీహెచ్-71లు ఉన్నాయి, కార్మొరెంట్ కుటుంబానివే. వాటిలో 9 హెలికాప్టర్లను కెనడా సుమారు 16.4 కోట్ల డాలర్లకు కొంది. ఎగరడానికి కాదు, పార్ట్స్ కోసం. తప్పు పట్టను, ఆ పరిస్థితుల్లో అది తెలివైన పనే. ఆ పరిస్థితి దాకా ఎందుకు రానిచ్చారన్నదే నా కోపం.

అసలు నా కడుపుమంట ఇంకా పాతది. 1993లో కెనడా ప్రధానిగా క్రెటియన్ ప్రభుత్వం వచ్చీ రాగానే, ఎన్నికల్లో చెప్పినట్టే ఈహెచ్-101 హెలికాప్టర్ల కాంట్రాక్టు రద్దు చేసింది. రద్దు చేసుకున్నందుకే దాదాపు 50 కోట్ల డాలర్లు కట్టారు. 1998లో రెస్క్యూ కోసం ఎంచుకున్నది మళ్లీ ఆ ఈహెచ్-101నే, కార్మొరెంట్ అన్న పేరుతో! ఇక ఆ రద్దయిన కాంట్రాక్టుతో మార్చాల్సిన నేవీ పని చేసే సీ కింగ్ హెలికాప్టర్లు 1963 నాటివి, 2018 దాకా ఎగిరాయి. ఎన్నికల సభలో చప్పట్లు కొట్టించుకున్నవాళ్లకేం పోయింది? ఆ ముసలి మెషీన్లను రాత్రీ పగలూ బాగుచేస్తూ ఇరవై అయిదేళ్లు నెట్టుకొచ్చింది మెకానిక్కులు. వాళ్ల పేరు ఒక్కరూ ఎత్తరు.

నార్వేని చూస్తే మాత్రం దండం పెట్టాలనిపిస్తుంది. 2001లో ఆర్డర్ చేసిన 14 ఎన్‌హెచ్-90 హెలికాప్టర్లు కోస్ట్ గార్డ్‌కి కావాల్సినన్ని గంటలు ఎప్పటికీ ఎగరలేవని తేలాక, 2022లో కాంట్రాక్టు తెంచేసి మీ హెలికాప్టర్లు మీరు తీసుకోండి, మా డబ్బు మాకివ్వండి అంది. అమ్మేసి చేతులు దులుపుకునేవాళ్లని అలాగే అడగాలి.